ఇరవై నాలుగు చుట్టల సంరక్షణ కేంద్రం

కలిశెట్టి నరసింగరావు జన్మలో ఒక్క చుట్ట కూడా కాల్చిన మనిషి కాడు. ఈ ముక్క ముందే చెప్పడం మంచిది. లేకపోతే, చుట్టల కోసం భార్యనీ అత్తగారినీ ఇంట్లోంచి పంపేశాడని విన్నవాళ్లు ఆయన్ని వ్యసనపరుడు అనుకునే ప్రమాదం ఉంది. పంపేసిన మాట నిజమే. అయితే అది వ్యసనం కాదు, డ్యూటీ.

ఆయన విజయనగరంలో తూర్పుతీర నార పరిశ్రమల మండలిలో సూపరింటెండెంటు. గోగునార, జనపనార, కొబ్బరిపీచు, ఈ మూడింటి బాగోగులు చూడడం మండలి పని. ఆ బాగోగుల గురించి ఫైళ్ల మీద నోట్ రాయడం నరసింగరావు పని. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఆయన చేయి ఎంతగా తిరిగిందంటే, ఒక వాక్యం మొదలుపెడితే దాని క్రియాపదం రెండో పేజీలో గానీ దొరికేది కాదు. ఆ లోపల చదివేవాళ్లు విషయం మరిచిపోయి సంతకం పెట్టేసేవారు. దీన్ని ఆయన తన ప్రతిభగానే లెక్కవేసుకున్నాడు.

ఒక ఏడాది డిసెంబరులో ఎక్కడో సముద్రాల అవతల ఉన్న ఒక ద్వీపదేశం నుంచి గోనెసంచులు కొనడానికి ఒక బృందం వచ్చింది. దాని నాయకుడు ఎవరిస్తో అనే డెబ్భై ఏళ్ల పెద్దమనిషి. తెల్లటి మీసాలు, పెద్ద పొట్ట, ఎవరు ఏం చెప్పినా నవ్వే స్వభావం. వెళ్లేటప్పుడు ఆయన తమ దేశపు చుట్టలు ఒక పెట్టెడు మండలి డైరెక్టరు వరాహమూర్తి చేతిలో పెట్టి, వచ్చే ఏడు మళ్లీ కలుద్దామని చెప్పి విమానం ఎక్కాడు. బొటనవేలంత లావున్న చుట్టలు ఇరవై నాలుగు. ఒక్కోదానికీ నడుముకి బంగారు కాగితం ఉంగరం.

మర్నాడే అత్యవసర సమావేశం జరిగింది.

వరాహమూర్తి గొంతు సవరించుకున్నాడు. "మనముందు ఒక సున్నితమైన పరిస్థితి ఉత్పన్నమై ఉన్నది. మండలి ప్రాంగణంలో పొగాకు ఉత్పత్తులు ఉంచరాదని గత ఏప్రిల్లో నేనే ఉత్తర్వు జారీ చేసి ఉన్నాను. అయితే ఇవి మండలికి వచ్చిన బహుమతి కాబట్టి మండలి ఆస్తి. అమ్మడానికి మనకు అధికారం లేదు. పంచడానికి నిబంధన లేదు. పారవేస్తే ఒక మిత్రదేశాన్ని పారవేసినట్టు. ముందుగా, వీటిని ఫైలులో పొగాకు అని గానీ చుట్టలు అని గానీ పేర్కొనకుండా 'స్నేహచిహ్నాలు' అని వ్యవహరిద్దాం. ఆ విధంగా వీటిని నా గదిలో బీరువాలో పెట్టి తాళం వేస్తే సరిపోతుందని నా అభిప్రాయం. ఎవరికైనా భిన్నాభిప్రాయం ఉన్నదా?"

ఎవరికీ లేదు. వ్యవహారం అక్కడితో ముగిసిపోవలసింది. కానీ నరసింగరావు ఆ ఉదయమే ఫోనులో చుట్టల గురించి ఒక గంట చదివాడు. చదివింది నలుగురికీ చెప్పకుండా మధ్యాహ్నం దాకా ఆగగలిగే మనిషి కాడు ఆయన.

"బీరువాలో పెడితే పదిహేను రోజుల్లో ఎండి పెళుసైపోతాయండి," అన్నాడు లేచి నిలబడి. "ఆకు చుట్టిన తర్వాత కూడా ఊపిరి తీస్తూనే ఉంటుందండి. చుట్టూ గాలిలో తేమ అరవై అయిదు నుంచి డెబ్భై శాతం మధ్య ఉండాలి. తగ్గితే పగులుతుంది, పెరిగితే బూజు పడుతుంది. వేడి ఇరవై డిగ్రీలు దాటితే లోపల పురుగు పుడుతుంది. ఇంకోటండి, పక్కన ఏ వాసన ఉంటే ఆ వాసన పట్టేసుకుంటుంది."

గదిలో అందరూ నిశ్శబ్దమైపోయారు. దాన్ని నరసింగరావు ప్రశంస అనుకున్నాడు. నిజానికి అది ఉపశమనం. ఈ పని తమ నెత్తిన పడదని మిగతా పదకొండు మందికీ ఆ క్షణంలోనే తెలిసిపోయింది.

"మీకు ఇంతటి పరిజ్ఞానం ఉన్నదని మండలికి ఇంతకాలం తెలియకపోవడం శోచనీయం," అన్నాడు డైరెక్టరు. "సమగ్రమైన నోట్ పెట్టండి."

నరసింగరావు ఏడు పేజీలు పెట్టాడు. ఆరో పేజీలో ఒకచోట, సదరు స్నేహచిహ్నాలు మనుష్యసంచారం కలిగిన, శీతలీకరించబడిన గృహవాతావరణంలో మాత్రమే సంరక్షింపబడగలవు అని రాశాడు. అలా ఎందుకు రాశాడంటే, వినడానికి బాగుంది. డైరెక్టరు దాని కింద ఎర్రసిరాతో రాశాడు: "ఏకీభవించడమైనది. నోట్ పెట్టిన అధికారి గృహమే ఇందుకు మిక్కిలి అనువైనది."

ఆ సాయంత్రం మండలి జీపులో పెట్టె నరసింగరావుతో పాటు బాబామెట్టలోని ఆయన ఇంటికి వచ్చింది. వెంట తేమ కొలిచే మీటరు ఒకటి, వేడి కొలిచేది ఒకటి, మూడు పూటలా కొలతలు రాయడానికి అట్ట వేసిన రిజిస్టరు ఒకటి వచ్చాయి.

మూడు గదుల ఇల్లు అది. ఒక గదికే ఏసీ ఉంది. ఆ గదిలో మంచం పక్కన బల్ల మీద పెట్టెను ప్రతిష్ఠించాడు. భార్య కుసుమ హైస్కూల్లో తెలుగు టీచరు. స్కూలు నుంచి వచ్చి పెట్టె చూసి, మీటరు చూసి, రిజిస్టరు తిరగేసింది.

"ఎన్నాళ్లుంటాయండీ ఇవి?"

"తదుపరి ఉత్తర్వులు వెలువడే వరకు."

"మన భాషలో చెప్పండి."

"ఏడాది," అన్నాడు నరసింగరావు.

కుసుమ తల్లి పారమ్మ కూడా వాళ్లతోనే ఉండేది. డెబ్భై నాలుగేళ్ల మనిషి. పన్నెండో ఏట నుంచీ చుట్ట కాలుస్తోంది. అది కూడా ఆ ప్రాంతపు ఆడవాళ్ల పద్ధతిలో అడ్డపొగ, అంటే నిప్పున్న కొన నోట్లో పెట్టుకుని. ఆమె తన చుట్టలు ఒక పాత బిస్కెట్ల డబ్బాలో వేసి, ఎండాకాలం అయితే పైన ఒక తడిగుడ్డ ముక్క పడేసేది. ఆమె చుట్టల సంరక్షణ అంతవరకే. అల్లుడి గదిలోకి తొంగిచూసి, "మంచి పని బాబూ, సుట్టలకి ఏసీ ఏసినావు," అని వెళ్లిపోయింది.

మొదటి వారంలోనే సమస్య వచ్చింది. ఏసీ వేస్తే తేమ నలభై ఎనిమిదికి పడిపోయేది. ఆపితే ఎనభైకి ఎక్కేది. నరసింగరావు తడి తువ్వాలు ఆరేశాడు, డెబ్భై ఆరు. తువ్వాలు తీసి గిన్నెలో నీళ్లు పెట్టాడు, యాభై తొమ్మిది. చివరికి సబ్బుపెట్టెలో తడిపిన స్పాంజి ముక్క పెట్టి దేవదారు పెట్టెలో ఓ మూల ఉంచితే ముల్లు అరవై తొమ్మిది దగ్గర నిలబడింది. ఆ రోజు ఆయన పొందిన ఆనందం ఉద్యోగం వచ్చినప్పుడు కూడా పొందలేదు. ఆఫీసులో నలుగురికీ చెప్పాడు. నలుగురూ చాలా శ్రద్ధగా విన్నారు. ఒకాయన మళ్లీ చెప్పమన్నాడు కూడా. తనని ఆటపట్టిస్తున్నారని నరసింగరావుకు తట్టలేదు.

పదో రోజున ముల్లు ఉన్నట్టుండి డెబ్భై మూడు చూపించింది. కారణం వెతుక్కుంటూ వెళితే వంటగదిలో కుక్కరు కూత వేస్తోంది. ఈ విషయం ఆయన తనలోనే దాచుకుని ఉండవచ్చు. కానీ నిజాయితీపరుడు కావడం వల్ల రిజిస్టరులో రాశాడు. రిజిస్టరు డైరెక్టరు దగ్గరికి వెళ్లింది. అక్కడి నుంచి "ఇట్టి ఒడిదుడుకుల నివారణకు తగు నియమావళి ముసాయిదా సమర్పించవలెను" అన్న ఆదేశం వెనక్కి వచ్చింది. నరసింగరావు ముసాయిదా రాశాడు. డైరెక్టరు చదవకుండా సంతకం పెట్టాడు. అప్పటి నుంచి అదే వరస. ఆయన రాయడం, ఈయన సంతకం పెట్టడం, ఆ కాగితం మండలి ముద్రతో మళ్లీ ఆయన ఇంటికే రావడం.

ఒకటి నుంచి ఆరు వరకు నియమాలు ఆవిరి గురించి. కుక్కరూ, ఇడ్లీపాత్రా సంరక్షణ గదికి ముప్పై అడుగుల దూరంలో వాడాలి. ఇంటి పొడవే ఇరవై ఎనిమిది అడుగులు. కుసుమ స్టవ్వు పెరట్లో రేకుల కిందికి మార్చుకుంది.

ఏడు నుంచి పది వరకు వాసనల గురించి. పోపు, ఇంగువ, ఎండుచేపలు, సాంబ్రాణి, అగరువత్తులు ఇంటి కప్పు కింద నిషిద్ధం. పదకొండు నుంచి పదమూడు వరకు పురుగు గురించి. పొగాకులో కంటికి కనపడని గుడ్లుంటే అవి చావడానికి పెట్టెను నెలకు మూడు రోజులు ఫ్రిజ్‌లో గడ్డకట్టించాలని, ఆ మూడు రోజులూ ఫ్రిజ్‌లో అన్యపదార్థాలు ఉండరాదని. అన్యపదార్థాలంటే ఇడ్లీపిండి, పాలు, ఆవకాయ, కుసుమ వేసుకునే థైరాయిడ్ మాత్రలు.

ఫిబ్రవరిలో తనిఖీ బృందం వచ్చింది. డైరెక్టరు, ఆయన సహాయకుడు, మండలి ప్రయోగశాల నుంచి ఒక రసాయనవేత్త. ముగ్గురూ చెప్పులు విప్పి గదిలోకి వెళ్లి పెట్టె ముందు నిలబడ్డారు. రసాయనవేత్త మీటరు కేసి చాలాసేపు చూసి, "ఇక్కడ ఎవరైనా పడుకుంటారా?" అని అడిగాడు.

"మేమిద్దరమూ పడుకుంటామండి," అన్నాడు నరసింగరావు.

"మనిషి నిద్రలో ఊపిరితో పావులీటరు దాకా నీరు వదులుతాడండి. ఇద్దరంటే అర లీటరు."

డైరెక్టరు ముఖం గంభీరమైంది. "అర్ధ లీటరు. ప్రతి దినం. స్నేహచిహ్నాల మీద." ఆయన నరసింగరావు వైపు తిరిగాడు. "ఈ అంశం మీ దృష్టికి రాకపోవడం ఆశ్చర్యకరం. ముసాయిదా పెట్టండి."

అలా పద్నాలుగో నియమం పుట్టింది. సంరక్షణ గదిలో ఒకరికి మించి నిద్రించరాదు, ఆ ఒకరు బాధ్యుడైన అధికారి అయి ఉండవలెను. కుసుమ మంచం హాల్లోకి వచ్చింది. అది రాసేటప్పుడు తనకు ఒక్క క్షణం చేయి ఆగిందని నరసింగరావు తర్వాత అందరికీ చెప్పేవాడు. ఆగిన మాట నిజమే. 'నిద్రించరాదు' అనాలా 'శయనించరాదు' అనాలా అని ఆగింది.

మార్చిలో ఇంటి గోడకు బోర్డు పెట్టారు: స్నేహచిహ్నాల తాత్కాలిక సంరక్షణ కేంద్రం, తూర్పుతీర నార పరిశ్రమల మండలి. ఇల్లు మండలి కేంద్రం అయ్యాక మండలి ఉత్తర్వులు వర్తించాలి కదా. అందుకని దాని కింద ఇంకో బోర్డు: ఈ ప్రాంగణంలో పొగ తాగరాదు.

పారమ్మకు చదువు రాదు. పొద్దున్నే గుమ్మంలో కూర్చుని చుట్ట వెలిగిస్తుంటే అల్లుడు వచ్చి పక్కన నిలబడ్డాడు.

"అత్తయ్యా, అది... ఆ బోర్డు..."

"ఏటుంది బాబూ దాన్లో?"

చదివి చెప్పాడు. పారమ్మ నోట్లోంచి చుట్ట తీసి, గదిలో ఉన్న పెట్టె వైపు ఒకసారి, అల్లుడి వైపు ఒకసారి చూసింది.

"ఇంట్లో ఇరవై నాలుగు సుట్టలెట్టీసి, సుట్ట కాల్చకూడదంటారేటి బాబూ?"

"అవి చుట్టలు కావత్తయ్యా. స్నేహచిహ్నాలు."

"ఓహో," అంది పారమ్మ. డబ్బా పట్టుకుని వీధి చివర టైలరు దుకాణం అరుగు మీదికి వెళ్లి కూర్చుంది. ఆ రోజు నుంచీ అక్కడే. ఎండలు ముదురుతున్న రోజులవి. టైలరు ఆమెకు స్టూలూ, తాగడానికి మంచినీళ్లూ ఇచ్చేవాడు. పెద్దావిడ ఎందుకు రోజూ ఇక్కడికి వస్తోందని వీధిలో ఎవరో అడిగితే, "ఆవిడిల్లు ఆఫీసయిపోయిందటండి," అని చెప్పేవాడు.

ఏప్రిల్ మూడో వారంలో మండలి నుంచి ఒక మెమో కుసుమ పేరున వచ్చింది. కేంద్రంలో నివసించు ఇతరులు రాకపోకల వేళలు రిజిస్టరులో నమోదు చేయవలెనని, బంధువులను మూడు రోజుల ముందస్తు అనుమతితో మాత్రమే ఆహ్వానించవలెనని దాని సారాంశం. మెమో ఒకటిన్నర పేజీ, ఒకటే వాక్యం. నరసింగరావు ఆఫీసు నుంచి వచ్చేసరికి కుసుమ బల్ల దగ్గర పరీక్ష పేపర్లు దిద్దుతోంది. దిద్దడం పూర్తిచేసి, ఆ మెమో ఆయన చేతికిచ్చింది. దాన్ని కూడా ఎర్రపెన్నుతో దిద్ది ఉంది. మూడు చోట్ల సున్నాలు చుట్టింది. 'సదరు' అన్న మాట పదకొండు సార్లు వస్తే పదకొండింటి కిందా గీత గీసింది. చివర మార్జిన్లో రాసింది: వాక్యం పొడవు ఎక్కువ. భావం లేదు. పదికి రెండు.

"ఇది డైరెక్టరు గారి మెమో కుసుమా," అన్నాడు.

"సంతకం ఆయనది. రాసింది మీరు. ఇరవై రెండేళ్ల కాపురంలో మీ 'సదరు'ని నేను పోల్చుకోలేనా?"

ఆయన మెమో మడిచి జేబులో పెట్టుకోబోయాడు.

"కుక్కరు బయట పెట్టమన్నారు, పెట్టాను. హాల్లో పడుకోమన్నారు, పడుకున్నాను. మా అమ్మ వీధిలో కూర్చుంటే పిల్లలు వచ్చి స్కూల్లో నన్నడుగుతున్నారు, మీ అమ్మగారిని ఎందుకు గెంటేశారు టీచర్ అని. అదీ ఊరుకున్నాను. పైనుంచి వచ్చిన ఉత్తర్వులు, పాపం ఈయనేం చేస్తారు అనుకున్నాను. పైనెవరూ లేరు. అన్నీ మీరే." ఆమె గొంతు పెంచలేదు. "ఇల్లు ఆఫీసుకిచ్చేశారు. ఆఫీసుకి భార్యలుండరండి."

మర్నాడు వేసవి సెలవులు మొదలయ్యాయి. తల్లినీ, ఆ బిస్కెట్ల డబ్బానీ తీసుకుని కుసుమ బొబ్బిలిలో అక్క ఇంటికి వెళ్లిపోయింది. వెళ్లేముందు రిజిస్టరులో వేళ నమోదు చేసింది. బయటికి వెళ్లిన సమయం ఏడున్నర. తిరిగివచ్చు సమయం అన్నచోట ఖాళీ వదిలింది.

ఇంట్లో మనుషులు తగ్గడంతో తేమ అద్భుతంగా కుదురుకుంది. ముల్లు అరవై తొమ్మిది మీదే. నరసింగరావు హోటలు నుంచి భోజనం తెప్పించుకుని, వాసన రాకుండా పెరట్లో నిలబడి తినేవాడు. మే నెలాఖరున ఒక సాయంత్రం నెలవారీ నివేదిక రాస్తున్నాడు. తేమ: అరవై తొమ్మిది. ఉష్ణోగ్రత: పందొమ్మిది. కేంద్రంలో ఇతరులు: లేరు. వాసనలు: లేవు. శబ్దాలు: లేవు. మొత్తం మీద స్థితి: సంతృప్తికరం.

అంతవరకూ రాసి కలం పక్కన పెట్టాడు. తాను రాసింది తానే పైనుంచి కిందికి మళ్లీ చదువుకున్నాడు. సర్వీసులో మొదటిసారి తన రాతకు అర్థం ఏమిటో ఆయనకు తెలిసింది. ఒక మనిషి తన ఇంట్లోంచి తనవాళ్లందరినీ వెళ్లగొట్టి, సంతృప్తికరం అని రాసి సంతకం పెట్టబోతున్నాడు. ఈ వెధవ ఎవడ్రా అనుకున్నాడు. తెలిసిన వెధవే కాబట్టి నవ్వూ వచ్చింది, కళ్లల్లో నీళ్లూ వచ్చాయి. కళ్లనీళ్లతో తేమ పెరుగుతుందేమోనని అలవాటుగా మీటరు వైపు చూసి, ఆ చూసినందుకు మరింత సిగ్గుపడ్డాడు.

ఆ తర్వాత ఇంకో ఆలోచన వచ్చింది. ఆరు నెలలుగా కాపాడుతున్నాడు సరే, అసలు ఇవి బాగున్నాయో పాడైపోయాయో ఎలా తెలుస్తుంది? మీటరు తేమ చెబుతుంది గానీ రుచి చెప్పదు. తనకి తెలియదు. డైరెక్టరుకి తెలియదు. ఈ భూమ్మీద తనకు తెలిసినవాళ్లలో చెప్పగలిగింది ఒక్కరే.

మర్నాడు ఆదివారం. పెట్టె తెరిచి ఒక చుట్ట తీసి, రుమాల్లో చుట్టి, చొక్కా జేబులో పెట్టుకుని బొబ్బిలి బస్సెక్కాడు.

పారమ్మ వీధివాకిట్లో కూర్చుని ఉంది. కుసుమ లోపలి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నరసింగరావు అత్తగారి ముందు ఎత్తుపీట వేసుకుని కూర్చుని రుమాలు విప్పాడు.

"అత్తయ్యా, ఇది బాగుందో లేదో కాస్త చూసి చెప్పాలి."

పారమ్మ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది, రెండు వేళ్లతో నొక్కింది, బంగారు ఉంగరం ఊడదీసి పక్కన పెట్టింది. కొన కొరికి ఉమ్మి, వెలిగించి, అలవాటుగా నిప్పువైపు నోట్లో పెట్టుకుంది. కళ్లు సగం మూసి నెమ్మదిగా పీల్చింది. నరసింగరావు పదోతరగతి ఫలితాల కోసం కూడా అంత ఆత్రంగా ఎదురుచూసి ఉండడు.

"సూడ్డానికి ఏనుగు తొండంలాగుంది గానీ, ఘాటు తక్కువ," అంది చివరికి. "పాడవలేదు బాబూ. మెత్తగా, సక్కగా ఉంది. నువ్వు బాగా ఉంచినావు." ఆమె పొగ వదిలింది. "ఎందుకుంచినావు?"

ఆరు నెలల్లో ఎన్నో పేజీలు రాసిన ఆ మనిషి, ఊడదీసిన బంగారు ఉంగరాన్ని వేళ్ల మధ్య తిప్పాడు. గుమ్మంలో కుసుమ వైపు చూశాడు. "అన్నం తిన్నారా?" అని అడిగిందామె. లేదన్నాడు. లోపల పోపు వేస్తున్న వాసన వస్తోంది. అక్కాబావలతో కలిసి కడుపు నిండా తిన్నాడు.

తిరిగివచ్చి రిజిస్టరులో ఉన్నది ఉన్నట్టు రాశాడు. స్నేహచిహ్నాలు నిన్న ఇరవై నాలుగు. ఈరోజు ఇరవై మూడు. తేడాకు కారణం: కాల్చడమైనది, నిప్పుకొన నోటిలోపల. రాసి, సస్పెన్షను ఉత్తర్వు కోసం సిద్ధపడి, రెండు చొక్కాలు ఇస్త్రీ కూడా చేయించుకున్నాడు.

ఆఫీసులో రెండు రోజులు తలుపులు మూసుకుని సమావేశాలు జరిగాయి. చిక్కేమిటంటే, కేంద్రం నిర్వహణ సర్వోత్తమంగా ఉందని డైరెక్టరు అప్పటికి ఆరు నివేదికల మీద సంతకం పెట్టి పై వాళ్లకు పంపి ఉన్నాడు. ఒకటి పోయిందంటే ఆ ఆరూ అబద్ధమవుతాయి. మూడో రోజు నరసింగరావును పిలిచాడు.

"మీ నమోదులో భాషాలోపం ఉన్నది," అన్నాడు వరాహమూర్తి. "'కాల్చడమైనది' కాదు. 'నాణ్యతా పరీక్షకు లోనుచేయడమైనది'. నాణ్యత సంతృప్తికరమేనా?"

"సంతృప్తికరమేనండి."

"అయితే ఒక్క నమూనాతో ఇరవై నాలుగింటి నాణ్యతను నిర్ధారించడం శాస్త్రీయం కాదని రసాయనవేత్త అంటున్నారు. పరీక్షలు కొనసాగించాలి. పరీక్షించినవారు అర్హులేనా?"

"అరవై రెండేళ్ల అనుభవం ఉందండి."

"విషయ నిపుణులుగా నియమిద్దాం. ఒక సందేహం. నమోదులో 'నిప్పుకొన నోటిలోపల' అని ఉన్నది. అది ప్రమాణమేనా?"

"నిపుణురాలి విచక్షణకు వదిలేయడం మంచిదండి."

"ముసాయిదా పెట్టండి," అన్నాడు డైరెక్టరు.

నరసింగరావు ఆ రోజు కూర్చున్నట్టు ఎన్నడూ కూర్చోలేదు. ఏ చేత్తో కుటుంబాన్ని బయటికి పంపాడో ఆ చేత్తోనే లోపలికి తెచ్చాడు. ఇరవై నాలుగో నియమం: అర్హతగల నిపుణులు అందుబాటులో ఉన్నచోట, సదరు నిపుణులు కేంద్రంలోనే నివసించవలెను. ఇరవై అయిదు: వయోవృద్ధులైన నిపుణులకు తోడుగా వారి కుమార్తె నివసించవలెను, రాకపోకల నమోదు అవసరం లేదు. ఇరవై ఆరు: చప్పిడి తిండి వల్ల నిపుణుల నాలుక మొద్దుబారు ప్రమాదం ఉన్నందున పోపు, ఇంగువ, చేపల పులుసు కేంద్రపు వంటగదిలోనే తయారుకావలెను. ఇరవై ఏడు: పొగ తాగరాదు అన్న బోర్డు కింద 'పరీక్ష నిమిత్తం తప్ప' అని చేర్చవలెను. ఇలా ముప్పై ఒకటి వరకు. డైరెక్టరు చదవకుండా సంతకం పెట్టాడు.

ఆ కాగితం పట్టుకుని మళ్లీ బొబ్బిలి వెళ్లాడు. కుసుమ ఎర్రపెన్ను తీసి మొత్తం చదివింది. ఒక్క 'సదరు' కింద గీత గీసి, పెన్ను మూత పెట్టేసింది. "పదికి ఆరు," అంది. "బోర్డు మీద చేర్చడం కాదు, బోర్డే తీసేయండి. అప్పుడొస్తాం." ఆయన బస్సు దిగిన వెంటనే, ఏ ముసాయిదా పెట్టకుండా, సుత్తి తీసుకుని రెండు బోర్డులూ పీకేశాడు.

స్కూలు తెరిచేలోగా వాళ్లు వచ్చేశారు. వారానికొక పరీక్ష చొప్పున వర్షాకాలమంతా గడిచింది. పారమ్మ గుమ్మంలో కూర్చుని చెప్పడం, నరసింగరావు రాయడం. 'ఇది కొంచెం తియ్యగుంది' అంటే 'మాధుర్యస్వభావం గోచరించినది' అని. ఒకసారి కుతూహలం కొద్దీ తానూ ఒకటి వెలిగించాడు. రెండు పీల్పులకే కళ్లు తిరిగి పెరట్లో వాంతి చేసుకుని, ఆ పూటంతా మజ్జిగతో పడుకున్నాడు. ఏ వస్తువు కోసం కాపురం పణంగా పెట్టాడో అది తనకు రెండు నిమిషాలు కూడా పడదని తెలుసుకుని, ఆ సంగతి చాలాకాలం పాటు తనే అందరికీ చెప్పి నవ్వించేవాడు. మిగిలినది అత్తగారు పూర్తిచేసింది. నవంబరు ఆఖరుకు పెట్టె ఖాళీ అయింది.

డిసెంబరులో ఎవరిస్తో మళ్లీ వచ్చాడు. సమావేశ మందిరంలో పూలదండలయ్యాక, దుబాసీ ద్వారా ఆయన అడిగిన మొదటి ప్రశ్న, నా చుట్టలు ఏమయ్యాయి అని. వరాహమూర్తి చేయెత్తి సైగ చేశాడు. నరసింగరావు నాలుగు వందల పేజీల ఫైలునూ, ఖాళీ పెట్టెనూ బల్ల మీద పెట్టాడు.

ఎవరిస్తో పెట్టె మూత తీసి చూశాడు.

"ఒక్కటీ లేదేమిటని అడుగుతున్నారు," అన్నాడు దుబాసీ.

డైరెక్టరు నరసింగరావు వైపు చూశాడు. అవసరమైతే తప్పు మొత్తం అతని మీదికి తోసేయడానికి సిద్ధంగా ఉన్న చూపు అది.

"ఇరవై నాలుగూ పరీక్షించామండి," అన్నాడు నరసింగరావు. "ఆఖరి నిమిషం దాకా అన్నీ నిక్షేపంగా ఉన్నాయి."

దుబాసీ చెప్పాడు. పెద్దాయన మీసాలు కదిలాయి, పొట్ట కదిలింది, తర్వాత మనిషంతా కదిలిపోతూ నవ్వాడు. లేచి వచ్చి నరసింగరావును కావలించుకుని, వరస పెట్టి ఏదో చెప్పాడు.

"పదకొండు దేశాల్లో ఇచ్చారట," అన్నాడు దుబాసీ. "అన్నిచోట్లా అద్దాల బీరువాలో పెట్టి చూపించారట. ఆకు పండించినవాడి కష్టం కాలిస్తేనే తెలుస్తుందంటున్నారు. కాల్చేసింది మీరొక్కరేనట."

ఎవరిస్తో సంచిలోంచి కొత్త పెట్టె తీశాడు. మొదటిదానికి రెండింతలుంది. దాన్ని నరసింగరావు చేతికి ఇవ్వబోతుంటే వరాహమూర్తి చప్పున మధ్యలోకి వచ్చి రెండు చేతులా అందుకున్నాడు. ఫొటోలు తీశారు.

"ఇంతటి అంతర్జాతీయ ప్రాముఖ్యం గల వస్తువును ఇకపై కింది స్థాయి అధికారి నివాసంలో ఉంచడం మండలి గౌరవానికి తగదు," అన్నాడు డైరెక్టరు అందరూ వెళ్లాక. "స్వయంగా నా బంగళాలోనే సంరక్షిస్తాను."

"చిత్తమండి," అన్నాడు నరసింగరావు. తేమ మీటరు, వేడి మీటరు, రిజిస్టరు, నియమావళి మర్నాడే బంగళాకు వెళ్లి ఒప్పగించాడు. డైరెక్టరు గారి ఇంట్లో చుట్ట కాల్చేవారు ఎవరైనా ఉన్నారా అని వినయంగా అడిగాడు. అలాంటి అలవాట్లు తమ వంశంలోనే లేవని ఆయన చెప్పాడు. అయితే ఇరవై నాలుగు నుంచి తమకు వర్తించవండి అని చెప్పి, మొదటి ఇరవై మూడు నియమాలున్న కాగితాల మీద సంతకం తీసుకుని వచ్చేశాడు.

నాలుగో రోజు పొద్దున్న, ఇంట్లో మాగాయ పప్పుకి ఇంగువపోపు వేస్తుండగా ఫోను మోగింది.

"నరసింగరావు గారూ," అంది అవతలి గొంతు. డైరెక్టరు ఆయన్ని గారూ అనడం అదే మొదలు. వెనక కాకులు అరుస్తున్నాయి, ఆరుబయట ఎక్కడో నిలబడి మాట్లాడుతున్నట్టుంది. "ఈ పద్నాలుగో నియమం ఉంది చూశారూ. గదిలో ఒకరే నిద్రించాలని. ఏసీ గది వదిలేది లేదని మా ఆవిడ అంటోంది. బాధ్యత గల అధికారిని నేనే అని ఎంత చెప్పినా వినడం లేదు. మూడు రోజులుగా నేను వరండాలో... అసలు ఎవరండీ ఇది పెట్టింది?"

నరసింగరావు ఫోను చెవి మార్చుకున్నాడు.

"సంతకం తమదేనండి," అన్నాడు.